అమ్మానాన్నలతో వీ అండ్ ఏ మ్యూజియం కెఫే: తిండికి వెళ్లొచ్చా? పక్కన ఇంకేం చూపించాలి?

కృష్ణాతీరం
అమ్మానాన్న నెల రోజులకని వచ్చారు. ఈ శుక్రవారం నాకు సెలవు. లండన్‌లో సౌత్ కెన్సింగ్టన్ దగ్గర విక్టోరియా అండ్ ఆల్బర్ట్ (వీ అండ్ ఏ) మ్యూజియంలో కెఫే చాలా బాగుంటుందని మా ఆవిడ ఎప్పటినుంచో అంటోంది. మధ్యాహ్నం అక్కడే తిని, చుట్టుపక్కలవి చూపించి, రాత్రికి రెడింగ్ వచ్చేయాలని ఆలోచన.

నా టెన్షన్ ఏమిటంటే, అమ్మ గుడ్డు కూడా ముట్టదు. నాన్నకు మోకాళ్ల నొప్పులు, అరగంట నిలబడితే కూర్చోవాల్సిందే. ఇద్దరూ ప్రతి ధరనీ రూపాయల్లోకి మార్చి చూస్తారు. నిరుడు మా అత్తామామలను వేరే ఊళ్లో ఒక మ్యూజియం రెస్టారెంటుకు తీసుకెళ్లాం, పేరు వద్దులెండి. గాజు గోడలు, తెల్లటి బల్లలు, పెద్ద ప్లేటు నడుమ మూడు బీట్‌రూట్ ముక్కలు. మామయ్యగారు అక్కడ ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక పెరుగన్నం రెండుసార్లు కలుపుకున్నారు. మళ్లీ అలా జరగకూడదు. వెళ్లొచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

ఈస్ట్‌హామ్_ఆవకాయ
వద్దు. మ్యూజియం చూడండి, తిండి బయట తినండి. యూస్టన్ దగ్గర డ్రమండ్ స్ట్రీట్‌లో వేడివేడి దోసె దొరుకుతుంది, అమ్మగారికి గుడ్డు భయం ఉండదు. పెద్దవాళ్లకు కావలసింది అన్నం, గోడల మీద డిజైన్లు కాదు.

సీతాకోక
దోసె తినడానికి రెడింగ్ నుంచి లండన్ దాకా ఎందుకు, ఇంట్లోనే పోసుకుంటారుగా.

పుస్తకాల_పురుగు
ఆవకాయ గారూ, రుచి ఒక్కటే చూస్తే మీ మాటే నిజం. కానీ ఇది ఖాళీగా ఉన్న మూలలో తర్వాతెప్పుడో పెట్టిన క్యాంటీన్ కాదు. మ్యూజియం లోపల రెస్టారెంట్ అన్నది ప్రపంచంలో మొదట పుట్టిందే ఇక్కడ. మొదటి డైరెక్టర్ హెన్రీ కోల్ పట్టుబట్టి కట్టించాడు. పగలంతా పనిలో ఉండేవాళ్లు సాయంత్రం పూట రావాలి, వచ్చినవాళ్లు ఆకలితో వెనక్కి పోకూడదు అన్నది ఆయన పట్టుదల. గ్యాస్ దీపాలు పెట్టించి రాత్రుళ్లు కూడా తెరిచి ఉంచిన మ్యూజియం ఇది.

పక్కపక్కనే మూడు గదులు, 1860లలో మొదలైనవి. మూడింట్లోనూ ఇప్పటికీ కూర్చుని తినొచ్చు. నడుమ ఉన్న పెద్దది గాంబుల్ గది. స్తంభాలు, గోడలు అన్నీ పింగాణీయే. అందానికి అందం, పైగా తడిగుడ్డతో తుడిస్తే జిడ్డు పోతుంది, నిప్పు అంటుకోదు. గోడల పైభాగాన చుట్టూ పెద్ద పెద్ద అక్షరాలు కనబడతాయి. బైబిల్లో ప్రసంగి గ్రంథంలోని మాట అది: తిని, తాగి, తన కష్టంలోని మేలును మనసారా అనుభవించడం కంటే మనిషికి మంచిది లేదని. భోజనశాల గోడ మీద రాయడానికి ఇంతకన్నా తగిన మాట నాకైతే తోచదు.

ఒక పక్క మోరిస్ గది. ముదురాకుపచ్చ గోడ మీద ఆకులూ కొమ్మలూ ఉబ్బెత్తుగా ఉంటాయి, కిటికీలకు రంగుల అద్దాలు. డిజైనర్ విలియం మోరిస్‌కి ఆ పని ఒప్పజెప్పినప్పుడు ముప్పై ఒకటో ఏడు. కంపెనీ పెట్టి నాలుగేళ్లే. ఇంకో పక్క పాయింటర్ గది, అంతా నీలం తెలుపు పలకలు. వాటి మీద బొమ్మలు వేసింది అక్కడి ఆర్ట్ స్కూల్లో చదివే ఆడవాళ్లు. మాంసం కాల్చిన పాత ఇనప పొయ్యి కూడా అక్కడే ఉంది.

కాబట్టి ఆ రోజు మీరు చూసే గ్యాలరీల్లో కెఫే కూడా ఒకటని లెక్కేసుకోండి. బీట్‌రూట్ ముక్కల బాధ ఉండదు. ఇక్కడ ట్రే పట్టుకుని వెళ్లి కంటికి కనబడుతున్నది తెచ్చుకోవడమే.

మెట్రో_మనిషి
పురుగు గారు సగమే చెప్పారు. అదే కోల్ కాలంలో ఫస్ట్ క్లాసుకు ఒక మెనూ, సెకండ్ క్లాసుకు ఇంకో మెనూ ఉండేవి. కూలిపనివాళ్లకు మూడో రకం. అందరికోసం పెట్టాడని నేను ఒప్పుకోను.

పుస్తకాల_పురుగు
అది నిజమే, దాచాలని కాదు. కానీ ఆ రోజుల్లో లండన్‌లో ఒక కూలీ ఇలాంటి కప్పు కింద కూర్చుని తినగలిగే చోటు ఇంకెక్కడుంది? మెనూలు వేరైనా లోపలికి రానిచ్చారు. ఇవాళ టికెట్ లేదు, క్లాసుల్లేవు, మీరూ నేనూ ఒకే వరుసలో నిలబడి టీ తెచ్చుకుంటున్నాం.

మెట్రో_మనిషి
రానివ్వడం వేరు, సమానంగా చూడటం వేరు. సరే, గదులు గొప్పవే, ఆ మాట కాదనను.

గుంటూరు_గోంగూర
గుడ్డు సంగతి నేను చెప్తాను, మా అత్తగారిదీ అదే పట్టింపు. వెజిటేరియన్ అని రాసి ఉంటే సరిపోదు, ఇక్కడివాళ్ల వెజిటేరియన్‌లో గుడ్డు ఉంటుంది. క్విష్ అయితే గుడ్డుతోనే చేస్తారు. కేకులు, స్కోన్లు కూడా అడగకుండా తీసుకోవద్దు, పైన మెరుపు కోసం గుడ్డు పూసేస్తారు. వీగన్ (పాలు, గుడ్డు ఏవీ లేనిది) అని రాసినదైతే నిశ్చింతగా తీసుకోవచ్చు. మిగతావాటికి అలర్జీ వివరాలు అడగండి. ఈ దేశంలో గుడ్డు ఉందో లేదో చెప్పడం చట్టప్రకారం వాళ్ల బాధ్యత, ఎవరూ విసుక్కోరు. సలాడ్లలో శనగలు, పప్పుల రకాలు ఉంటే అమ్మగారికి కడుపు నిండుతుంది.

సీతాకోక
ఒక చిన్న డబ్బాలో పులిహోర పట్టుకెళ్లండి. ఎగ్జిబిషన్ రోడ్ వెంట పది నిమిషాలు నడిస్తే హైడ్ పార్క్. ఆకలి అక్కడ తీర్చుకోండి, కెఫేలో టీ, కేకు. రెండూ జరుగుతాయి.

ఈస్ట్‌హామ్_ఆవకాయ
ఇది బాగుంది. పులిహోరకు నా ఓటు.

మాస్టారు_పెన్షనర్
మా అబ్బాయి నన్ను పోయినేడు తీసుకెళ్లాడు. నాకు డెబ్బై రెండు. మోకాళ్ల విషయం నేను రాస్తాను, ఎందుకంటే పిల్లలకు ఇది తెలియదు. మాకు చూపించే వస్తువుల సంఖ్య ముఖ్యం కాదు, కూర్చునే చోట్లు ముఖ్యం. ఒక్కో బెంచీ దగ్గర ఏముందో చూసుకుని రోజు ప్లాన్ చేయండి.

అర్దబీల్ తివాచీ ఉన్న గది అందుకు మంచిది. 1539-40 నాటి ఇరాన్ తివాచీ, నేల మీద పరిచి చుట్టూ గాజు కట్టారు. రంగులు వెలిసిపోకుండా ప్రతి అరగంటకోసారి పది నిమిషాలే దీపం వేస్తారు. ఆ దీపం కోసం కూర్చోవడమే మాకు విశ్రాంతి. మసకలో ఉన్న తివాచీ మీద వెలుగు పడగానే నేను లేచి నిలబడ్డాను, మోకాలు గుర్తు రాలేదు.

ఇంకోటి, మీ నాన్నగారిని వీల్‌చైర్ తీసుకుందామా అని అందరి ముందూ అడగొద్దు. అక్కడ ఊరికే ఇస్తారు గానీ అడిగే తీరులో అడగాలి.

వరంగల్_వాన
స్టేషన్ నుంచి మ్యూజియాలకు నేల కింద సొరంగం దారి ఉంది, వాన పడినా తడవరు. కానీ సౌత్ కెన్సింగ్టన్ స్టేషన్‌లో మెట్లు ఉంటాయి, అంకుల్‌కు కష్టం. పాడింగ్టన్‌లో రైలు దిగి టాక్సీ ఎక్కండి, హైడ్ పార్క్ మధ్యలోంచి తీసుకుపోతడు, అదే ఒక చూడదగ్గ దారి. ఎగ్జిబిషన్ రోడ్ వైపు గేటు దగ్గర దిగితే మెట్ల బాధ తక్కువ. లోపలికి వెళ్లే ముందు ఆ వైపు గోడ చూపించండి. రెండో ప్రపంచయుద్ధంలో బాంబు తునకలు తగిలిన గుంటలు రాతి మీద అట్లే ఉంచిన్రు.

ఒక్క మాట మాత్రం ముందే చెప్తున్న. టిప్పు పులి బొమ్మ దగ్గర నాకు కడుపు మండింది. చెక్క పులి ఒక తెల్ల సిపాయి మీద పడి ఉంటుంది. పిడి తిప్పితే అతని చెయ్యి లేస్తది, లోపల చిన్న ఆర్గన్ ఉండి అరుపు వినిపిస్తది. అందరూ ముచ్చటగా ఫొటోలు తీసుకుంటున్నరు. 1799లో శ్రీరంగపట్నం కూలినంక దోచుకొచ్చిన సొమ్ము అది. అదే మ్యూజియంలో మహారాజా రంజిత్ సింగ్ బంగారు సింహాసనం కూడా ఉంది.

గుంటూరు_గోంగూర
మంట నాకూ ఉంది. కానీ నేను పిల్లల్ని అక్కడికే ముందు తీసుకెళ్తాను. ఎవరిది, ఎలా వచ్చింది అని అక్కడ నిలబెట్టి చెప్తాను. చూడకుండా ఉంటే ఎవరికి లాభం?

మెట్రో_మనిషి
కోహినూర్ కూడా అక్కడే ఉందని వాట్సాప్‌లో తిరుగుతోంది. కాదు, అది టవర్ ఆఫ్ లండన్‌లో.

బందరు_లడ్డు
కృష్ణాతీరం గారూ, మీ పేరు చూసి అడుగుతున్నా. మీది ఏ ఊరు?

కృష్ణాతీరం
పెడన. నాన్న ముప్పై ఏళ్లు కలంకారీ అద్దకంలోనే ఉన్నారు. ఇప్పుడు మానేశారు.

బందరు_లడ్డు
అయ్యో, ఈ మాట మొదటే చెప్పాలి కదండీ! అయితే మీ రోజంతా మారిపోతుంది. పులి, సింహాసనం పక్కన పెట్టండి. ఆ మ్యూజియం దగ్గర కోరమాండల్ తీరంలో తయారైన పాత చీటీ గుడ్డలు (పూల అద్దకపు నూలుగుడ్డలు, ఇంగ్లిషులో చింట్జ్) చాలా ఉన్నాయి. మన మచిలీపట్నం రేవు నుంచి ఓడలెక్కి యూరప్ వెళ్లిన సరుకు ఇలాంటిదే. మంచాల మీద పరిచే పెద్ద దుప్పట్లు, నడుమ పూలచెట్టు ఉండేవి. ఆ గుడ్డల మోజులో ఇక్కడి నేతగాళ్లు గగ్గోలు పెడితే, 1721లో ఇంగ్లండులో అద్దకపు నూలుగుడ్డ కట్టుకోవడమే నిషేధించారు.

నూలుగుడ్డలకు వెలుతురు పడదు కాబట్టి మార్చి మార్చి పెడుతుంటారు. ఇప్పుడు ఏవి బయట ఉన్నాయో, ఏ గది తెరిచి ఉందో వెళ్లే ముందు మ్యూజియం సైట్‌లో చూసుకోండి.

పుస్తకాల_పురుగు
బందరు లడ్డు గారు తలుపు తీశారు, నేను లోపలికి వస్తా. కెఫేలో మోరిస్ గది అన్నాను కదా. ఆ మోరిస్ తర్వాత పదేళ్లకు అద్దకం నేర్చుకున్నాడు. యంత్రపు రంగులు నచ్చక, లీక్ అనే ఊళ్లో థామస్ వార్డిల్ అద్దకశాలలో నీలిమందు తొట్టెల్లో చేతులు ముంచాడు. 1881లో మెర్టన్ అబ్బేలో సొంత కార్ఖానా పెట్టి చెక్క అచ్చులతో గుడ్డలు వేయించాడు. 1883 నాటి స్ట్రాబెర్రీ థీఫ్ డిజైన్ అక్కడిదే. తోటలో స్ట్రాబెర్రీలు ఎత్తుకుపోయే పిట్టలు. గుడ్డంతా నీలిమందులో ముంచి, అచ్చుతో మందు అద్ది, కావలసినచోట నీలం పోగొట్టి, అక్కడ ఎరుపు, పసుపు వేసేవారు.

మీ నాన్నగారిని మోరిస్ గదిలోనే కూర్చోబెట్టండి. ఆ గది వేసినవాడూ ఆయనలాగే అద్దకం పనివాడే.

కృష్ణాతీరం
ఇది నాకు అస్సలు తెలియదు. నాన్నకు ముందే చెప్పను.

సీతాకోక
పిల్లలు ఉన్నారా? ఉంటే నేచురల్ హిస్టరీ మ్యూజియం ఎదురుగానే. పై నుంచి వేలాడే నీలి తిమింగలం అస్థిపంజరం 25.2 మీటర్లు. సైన్స్ మ్యూజియంలో చంద్రుడి దాకా వెళ్లొచ్చిన అపోలో 10 క్యాప్సూల్ ఉంది, బయట కాలిన మచ్చలు చూడొచ్చు. రెండూ ఉచితమే.

మాస్టారు_పెన్షనర్
ఒకే రోజులో మూడు వద్దు. ఒకటి చాలు.

గుంటూరు_గోంగూర
సౌత్ కెన్సింగ్టన్ నుంచి పికడిల్లీ లైన్‌లో తిన్నగా రస్సెల్ స్క్వేర్. బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి శిల్పాలు వందకు పైగా ఉన్నాయి. మాస్టారు గారి మాట విని ఇంకో రోజు పెట్టుకోండి, కానీ మానకండి.

వరంగల్_వాన
పార్కు అంచున ఆల్బర్ట్ మెమోరియల్ ఉంది, ఆసియా ఖండానికి గుర్తుగా ఏనుగు మీద కూర్చున్న ఆడమనిషి. మా పాప ఆ ఏనుగుకు అరటిపండు పెడతానని పట్టుబట్టింది.

సీతాకోక
వీ అండ్ ఏ నడుమ తోటలో హెన్రీ కోల్ కుక్క జిమ్ పేరిట గోడకు చిన్న ఫలకం ఉంది, 1879లో పోయిందట. అది వెతకమని పిల్లలకు చెప్పండి, మీకు పావుగంట దొరుకుతుంది. ఎండాకాలం అయితే ఆ తోటలో నీళ్ల కొలనులో పిల్లలు కాళ్లు తడుపుకుంటారు, తువ్వాలు మర్చిపోకండి.

మెట్రో_మనిషి
పోతపోసిన నకళ్ల హాలుకు అమ్మగారితో వెళ్తే మైకెలాంజెలో చెక్కిన నగ్న డేవిడ్ విగ్రహం నకలు ముందు కాస్త ఇబ్బంది. ఆ ఇబ్బంది విక్టోరియా రాణి కాలం నుంచీ ఉంది. రాజకుటుంబం వస్తే తగిలించడానికి ప్లాస్టర్ ఆకు ఒకటి చేయించారు, అది వెనకవైపు అద్దాల పెట్టెలో ఉంది.

కృష్ణాతీరం
వెళ్లొచ్చాం. రాత్రి పదకొండు అవుతోంది, అయినా ఇప్పుడే రాయాలి.

టాక్సీ సలహా బంగారం. పదకొండున్నరకి లోపల ఉన్నాం. ముందు కెఫేకే వెళ్లాం, రద్దీ ఇంకా మొదలవలేదు. అమ్మకు శనగల సలాడ్, వీగన్ కేకు ముక్క. గుడ్డు సంగతి అడిగితే ఆ అమ్మాయి ఫైలు తెచ్చి వేలు పెట్టి చూపించింది. నలుగురికి అన్నీ కలిపి 50 పౌండ్లు దాటింది. తక్కువేం కాదు. అమ్మ గాంబుల్ గదిలో తల పైకెత్తి, "ఇంత పింగాణీ రోజూ ఎవరు తుడుస్తార్రా" అంది. గోడ మీద మాట చదివి అర్థం చెప్పాను. నాన్న కాసేపు ఆగి, "కష్టం అన్న మాట కూడా రాశారన్నమాట" అన్నారు.

మోరిస్ గదిలో కూర్చున్నాం. నేనేమీ చెప్పలేదు. నాన్న టీ చల్లారబెట్టుకుని గోడకేసి చూస్తున్నారు. వేలితో బల్ల మీద ఒక గడి గీశారు, పక్కన ఇంకోటి. "ఇక్కడ మొదలై ఇక్కడ మళ్లీ వస్తోంది, చూడు" అన్నారు. డిజైన్ ఎక్కడ తిరిగి మొదలవుతుందో పట్టేశారు. అప్పుడు చెప్పాను, ఈయన తర్వాత అచ్చు అద్దకం చేశాడని, నీలిమందు తొట్టిలో చేతులు పెట్టాడని. "అయితే గోళ్లు వారం రోజులు నీలంగా ఉండుంటాయి" అన్నారు వెంటనే.

చీటీ గుడ్డ దగ్గర జరిగింది మాత్రం మర్చిపోలేను. గోడకు వేలాడదీసిన పెద్ద దుప్పటి, నడుమ చెట్టు, కొమ్మకో రకం పువ్వు. నాన్న అద్దానికి ముక్కు తగిలేంత దగ్గరకు వెళ్లారు. ఒక తీగను పట్టుకుని కింద నుంచి పైదాకా కళ్లతోనే వెళ్లారు. "అతుకు లేదురా" అన్నారు. అచ్చుతో వేస్తే ఒక అచ్చు ఆగి రెండోది మొదలయ్యేచోట గీత ఒక వెంట్రుకంత జరగాలట, లేదా అక్కడ రంగు రెండుసార్లు పడి ముదరాలట. ఎంత చేయి తిరిగినవాడికైనా తప్పదట. "ఇది కలంతో గీసింది. చూడు, ఇక్కడ రంగు పలచబడింది, మళ్లీ ముంచుకున్నాడు. ఇక్కడ ఊపిరి బిగబట్టి లాగాడు." ఇంతలో ఒక ముసలి ఇంగ్లిష్ ఆవిడ వచ్చి ఏమంటున్నారని అడిగింది. నేను చెప్తుంటే నాన్న నన్ను ఆపి తనే చేత్తో చూపించడం మొదలుపెట్టారు. భాష అవసరం లేకపోయింది. కరక్కాయ రంగును, పటికను గాలిలోనే గుడ్డకు పట్టించారు. ఆవిడ పదిహేను నిమిషాలు కదల్లేదు, నాన్న కూడా కూర్చోలేదు.

బయటకొచ్చేటప్పుడు షాపులో స్ట్రాబెర్రీ థీఫ్ తుడుపుగుడ్డ ఉంది. నాన్న దాన్ని తిరగేసి వెనకవైపు చూశారు, గోరుతో గీకారు. "మిషన్‌ది. రంగు లోపలికి దిగలేదు. కానీ పిట్ట బాగుంది" అన్నారు. అమ్మ అయినా కొనిపించింది.

తివాచీ దగ్గర దీపం కోసం కూర్చున్నాం మాస్టారు గారూ. అమ్మ అక్కడే ఒక కునుకు తీసింది. తిమింగలం చూడలేదు, ఏనుగూ చూడలేదు.

మాస్టారు_పెన్షనర్
చాలు బాబూ. ఆ ఊపిరి బిగబట్టిన చోటు నేను కూడా చూడాలి.

బందరు_లడ్డు
ఇది మా నాన్నకు చదివి వినిపించాను. అతుకు సంగతి నూటికి నూరుపాళ్లు నిజమట. మీ నాన్నగారి దగ్గర అచ్చులు ఇంకా ఉన్నాయా అని అడగమంటున్నారు.

కృష్ణాతీరం
నలభై దాకా ఉన్నాయి, అటక మీద. ఇవాళ రైల్లో వస్తూ తమ్ముడికి ఫోన్ చేసి, దింపి దుమ్ము దులపమన్నారు, చెద చూడమన్నారు. వచ్చే శుక్రవారం అమరావతి శిల్పాలకు వెళ్దామంటే, ముందు మళ్లీ ఆ దుప్పటి దగ్గరికే అంటున్నారు. కింద కుడి మూల సరిగ్గా చూడలేదట.

ఈస్ట్‌హామ్_ఆవకాయ
ఎన్ని గంటలకు వెళ్తున్నారు? నేనూ వస్తాను, ఆయన చూపిస్తుంటే చూడాలని ఉంది.

కృష్ణాతీరం
పదకొండున్నరకి ఎగ్జిబిషన్ రోడ్ గేటు దగ్గర. ఈసారి పులిహోర అమ్మ కలుపుతుంది, పార్కులో తిందాం. టీ మాత్రం మోరిస్ గదిలోనే.